మా ఊరికి రాత్రి బస్సు మళ్లీ రావాలి

మా ఊళ్లో ఒకప్పుడు గడియారంతో పని ఉండేది కాదు. తెల్లవారుజామున నాలుగూ ముప్పావుకు బొడ్రాయి దగ్గర బస్సు మొదటి హారన్ కొట్టేది. పాల క్యాన్లకు మూతలు పడేవి. రెండో హారన్‌కు మా అమ్మ నా జడకు రిబ్బను ముడి వేసేది. మూడోది వినిపించిందంటే ఇక పరుగే. అది నైట్ హాల్ట్ బస్సు. రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చి మా ఊళ్లోనే ఉండిపోయేది. డ్రైవరు, కండక్టరు బడి వరండాలో పడుకునేవారు. ఎండాకాలమైతే బస్సు మీదే పక్క వేసుకునేవారు. రోజుకొక ఇంటి నుంచి వాళ్లకు జొన్నరొట్టెలు, పచ్చిపులుసు వెళ్లేవి. కండక్టరును మేమంతా చిన్నాన్నా అని పిలిచేవాళ్లం. ఒక ఆడపిల్ల ఇంకా రాలేదని తెలిస్తే ఆయన రైట్ చెప్పేవాడు కాదు.

నేను ఇంటర్ చదివింది ఆ బస్సు వల్లనే. ఇందులో ఏమీ పెంచి చెప్పడం లేదు. మాది డిండి వాగు దాటి, కృష్ణ వెనుక నీళ్ల వైపు గుట్టల మధ్య ఉన్న ఊరు. కాలేజీ ఇరవై ఆరు కిలోమీటర్లు. బస్సు లేకపోతే మా నాన్న నన్ను పంపేవాడు కాదు, పంపలేదని ఆయనను తప్పు పట్టడానికీ ఉండేది కాదు.

ఆ బస్సు ఫలానా రోజున ఆగిపోయిందని ఎవరూ చెప్పలేరు. ముందు రాత్రి ఉండడం మానేసింది. అయిదింటికి బయలుదేరేది ఏడున్నరకు వచ్చేది. తరువాత వారానికి రెండు రోజులు ఎగ్గొట్టింది. పండుగలప్పుడు, జాతరలప్పుడు వేరే రూటుకు పంపామన్నారు, వెళ్లింది మళ్లీ తిరిగి రాలేదు. ఊరు కూడా అలాగే అలవాటు పడిపోయింది. నాకు ఎక్కువ బాధ ఆ అలవాటు పడిపోవడం గురించే.

నిరుడు మేము ఆరుగురం ఆడవాళ్లం అర్జీ పట్టుకుని ఆర్టీసీ డిపోకు వెళ్లాం. అక్కడి సారు మర్యాదగానే కూర్చోబెట్టి, రిజిస్టరు తెరిచి చూపించారు. "అమ్మా, మీ రూటులో ఆక్యుపెన్సీ లేదు. డీజిల్ ఖర్చు కూడా రావడం లేదు" అన్నారు. మా అత్తమ్మ చదువుకోలేదు. ఆమె ఒక్కటే అడిగింది: "సారూ, బస్సు ఏ వేళకు వస్తుందో తెలియనప్పుడు దాని కోసం ఎవరు నిలబడతారు?" ఆయన రిజిస్టరు మూసేశారు.

మరునాడు ఉదయం నేను మా వేపచెట్టు కింద కూర్చుని లెక్క పెట్టాను. ఆరు నుంచి ఎనిమిది లోపల మూడు ఆటోలు వెళ్లాయి. మొదటి దాంట్లో పదమూడు మంది. డ్రైవరు పక్కన అటొకరు ఇటొకరు, వెనుక ఇనుప చువ్వ మీద ముగ్గురు అబ్బాయిలు కాళ్లు బయటకు వేసి. మిగతా రెండూ దాదాపు అంతే. ముప్పై ఎనిమిది మంది ఒక్క పొద్దున! సీతాఫలాల గంపలు ఈ లెక్కలో లేవు. ఎక్కేవాళ్లు లేరని రిజిస్టరు చెబుతున్నది వీళ్ల గురించే.

మా అక్క కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. ఆటోకు పోను నలభై, రాను నలభై. నెలకు ఇరవై నాలుగు రోజులు వెళితే పందొమ్మిది వందల ఇరవై రూపాయలు. పత్తి ఏరి బతికే ఇల్లు అది. 2023 డిసెంబరు 9 నుంచి మన తెలంగాణ రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆ పథకం మంచిదని నేను గట్టిగా నమ్ముతాను, దాన్ని తిట్టేవాళ్లతో వాదించాను కూడా. కానీ ఆ సున్నా టికెట్టు చేతికి రావాలంటే ముందు బస్సు రావాలి కదా. బస్సులున్న ఊళ్ల ఆడవాళ్లకు మిగిలిన డబ్బు మా పిల్లకు ఎందుకు మిగలకూడదు? ఇంటి దగ్గర ఆధార్ కార్డు ఉంది, పథకం ఉంది, ప్రయాణం మాత్రం డబ్బు పెట్టి ఆటోలోనే.

మనుషులకు బండి లేనప్పుడు మనుషులు సరుకుల బండి ఎక్కుతారు. మా ప్రాంతం వాళ్లకు ఇది కొత్తగా చెప్పాలా? 2018 ఏప్రిల్‌లో పీఏ పల్లి మండలంలో కూలీల ట్రాక్టరు ఏఎమ్మార్పీ (అలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువలో పడి తొమ్మిది మంది చనిపోయారు. 2021 జనవరిలో దేవరకొండ మండలం చింతబావి కూలీలు నాటు వేసి ఒక్క ఆటోలో కిక్కిరిసి తిరిగి వస్తుంటే అంగడిపేట దగ్గర ప్రమాదంలో పోయారు. అప్పుడు అందరూ ఓవర్‌లోడ్ అన్నారు. పోలీసులు కొన్నాళ్లు ఆటోలు ఆపి జరిమానాలు రాశారు. ఆ జరిమానా కట్టింది ఆటో తోలే మా ఊరి పిల్లవాడు, అప్పు తెచ్చి బండి కొన్నవాడు. అతను కూడా లేకపోతే మా ఊళ్లో కాన్పు నొప్పులు వచ్చిన మనిషిని రోడ్డు దాకా చేర్చే దిక్కు లేదు.

2018లో వచ్చిన పంచాయతీరాజ్ చట్టంతో మా పక్కన ఉన్న తండాలు పంచాయతీలయ్యాయి. బోర్డు వచ్చింది, సర్పంచ్ వచ్చాడు, ఆ తండాలకు బస్సు మాత్రం ఏనాడూ రాలేదు. ఇంకా లోపలికి వెళితే, మన్ననూరు దాటి ఫర్హాబాద్ అడవిలో ఉన్న చెంచు పెంటల్లో, అంటే చెంచుల గూడేల్లో, బస్సు మాట ఎత్తితే పిల్లలు నవ్వుతారు. వాళ్ల ముందు మా కష్టం చిన్నదే. కానీ చిన్న కష్టమే తీర్చనివాళ్లు పెద్దది తీరుస్తారని ఎలా అనుకోవాలి?

1932లో నిజాం కాలంలో ఇరవై ఏడు బస్సులతో మొదలైంది ఈ ప్రజా రవాణా. మా బస్సు నంబరు ప్లేటు మీద జడ్ అక్షరం ఉండేది. నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టారని మా తాత చెప్పేవాడు. బడి నడిపి ఎంత లాభం వచ్చిందని ఎవరూ అడగరు. ఊరికి నీళ్ల ట్యాంకు కట్టి ఆక్యుపెన్సీ చూడరు. ఆ బడికీ ఆసుపత్రికీ చేర్చే బస్సును మాత్రం డీజిల్ లెక్కతో కొలుస్తారు. నష్టం వస్తే ప్రభుత్వం భరించాలి. ఆ రూటు కోసమని విడిగా డబ్బు కేటాయించి డిపోకు ఇవ్వాలి. డిపో మేనేజరు మెడ మీద కత్తి పెట్టి లాభం చూపించమంటే ఆయన ముందుగా కోసేది మా ఊరి బస్సునే.

మేము అడుగుతున్నది ఒక్క బస్సు. రాత్రి ఎనిమిదిన్నరకు రావాలి, తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరాలి. ఆరు నెలలు ఒక్క రోజు తప్పకుండా నడిపి, ఆ తరువాత లెక్క చూడండి. డ్రైవరు, కండక్టరు పడుకోవడానికి పాత పంచాయతీ గదికి సున్నం వేయించి, ఫ్యాను బిగించాం. స్నానానికి నీళ్లున్నాయి. అన్నం మేమే పెడతాం.