గుంటూరుకు హమ్మింగ్‌బర్డ్ రాలేదు

గుంటూరు, విజయవాడ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫోటోతో తిరుగుతున్న సందేశం ఇది: "మన పెరట్లోకి అమెరికా హమ్మింగ్‌బర్డ్ వచ్చింది. పొడుగు ముక్కు, తోక చూడండి. పక్కన నల్లగా మెరిసేది మగది. పట్టి పంజరంలో పెట్టి పంచదార నీళ్లు పోస్తే బతుకుతుంది." ఇందులో ఒక్క మాటా నిలబడదు.

మొదట, అమెరికా సంగతి. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో, వాటి చుట్టుపక్కల దీవుల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా లేవు. ఫోటోలో నూరువరహాల గుత్తి ముందు గాల్లో నిలబడి ఉన్నది హాక్‌మాత్, అంటే చిమ్మట, సీతాకోకచిలుక లాంటి రెక్కల పురుగు. రెక్కలు అద్దంలా ఉన్నాయంటే అది కెఫనోడిస్ హైలాస్ అనే రకం హాక్‌మాత్. కొత్తగా బయటికొచ్చినప్పుడు దాని రెక్కల మీద పొలుసులుంటాయి, మొదటిసారి ఎగిరేసరికి రాలిపోతాయి.

"ముక్కు" అంటున్నది తొండం. పువ్వు వదలగానే గడియారం స్ప్రింగులా తల కింద చుట్టుకుపోతుంది. ఏ పిట్ట ముక్కైనా అలా చుట్టుకుంటుందా? "తోక"లో ఈకల్లేవు. అది పొట్ట చివరి పొలుసుల కుచ్చు, విసనకర్రలా విచ్చుకుంటుంది. ఫోటోలో రెక్కలు మసకబారి, మీసాలు ఆకుల్లో కలిసిపోయి, ముక్కూ తోకే మిగులుతాయి. అందుకే అంతమంది పొరబడుతున్నారు. ఎండ మీ వీపు వైపు ఉండేలా నిలబడి, మీటరు దూరం నుంచి పక్కవాటుగా స్లోమోషన్ వీడియో తీయండి. ఫ్రేము ఫ్రేముకీ ఆపి కళ్ల పైన చూడండి. కాళ్లు ముడుచుకుని ఉంటే లెక్కకు అందవు గానీ, రెండు మీసాలు కనబడ్డాయంటే పురుగే.

ఇక ఆ "మగది" తేనెపిట్ట, అసలైన పాట పిట్ట. హమ్మింగ్‌బర్డ్ ఆ పక్షుల వర్గంలోదే కాదు. తేనెపిట్ట పొడవు పది సెంటీమీటర్లు, చిమ్మట ఒళ్లు అగ్గిపెట్టె పొడవు కూడా రాదు. తేనెపిట్ట కాసేపు గాల్లో ఆగగలదు, కానీ ఎక్కువగా కొమ్మ పట్టుకునే తాగుతుంది. మందారం లాంటి లోతైన పువ్వుకైతే అడుగున చిల్లు పొడుస్తుంది. ఊదా తేనెపిట్ట మగదానికి గూడు కట్టే కాలం దాటాక మెరుపు పోయి, గొంతు మీద నల్లచార మిగులుతుంది. దాన్నీ కొత్త పిట్ట అనుకోకండి.

పంజరం మాట మాత్రం ప్రమాదం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద తేనెపిట్టను పట్టడం నేరం. పంచదార నీళ్లలో మాంసకృత్తులుండవు. ఈ పిట్టలకు సాలెపురుగులు, చిన్న పురుగులు కూడా కావాలి, పిల్లలకైతే మరీను. వరండా తీగకు సాలెగూడు దారాలతో కట్టిన సంచిలాంటి గూడు వేలాడుతుంటే కదపకండి. గుడ్లు సాధారణంగా రెండే, పొదుగుడు రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు పైన. అన్నాళ్లూ ఆ తీగ మీద బట్టలు ఆరేయకండి, పక్క మొక్కలకు పురుగుమందు కొట్టకండి.