సర్కారు తుమ్మగారికి ఓ బహిరంగ లేఖ

అయ్యా సర్కారు తుమ్మగారూ,

దగ్గరికొచ్చి దండం పెట్టే ధైర్యం లేదు, పోయిన వారం మీరు దించిన ముల్లు ఇంకా అరికాల్లోనే ఉంది, అందుకే ఉత్తరం.

మిమ్మల్ని ఎవరు పిలిచారో మీ ఇంటిపేరే చెబుతుంది. ఎక్కడో మెక్సికో వైపు పుట్టిన మిమ్మల్ని 1877లో, ధాత కరువుకి జనం పిట్టల్లా రాలిపోతున్న రోజుల్లో, మద్రాసు అటవీ శాఖ దొరలు విత్తనాల మూటగా తెప్పించి మా కడప జిల్లా కమలాపురంలో వేయించారు. ఉద్దేశం బంగారం. వంటచెరకు దొరుకుతుంది, బీడు పచ్చబడుతుంది, నీళ్లు పోయక్కర్లేదు. ఆ చివరిది అక్షరాలా నిజం, పాతాళందాకా వేళ్లు దించి మా నీళ్లు మీరే తాగుతున్నారు, ఎవరూ పోయక్కర్లేదు.

గుజరాత్‌లోనూ ఇదే వరస. కచ్‌లో ఉప్పునేల ముందుకు రాకుండా ఆపుతారని 1960ల్లో బన్నీ గడ్డిభూముల్లో మిమ్మల్ని నాటారు. ఉప్పు సంగతేమో గానీ పశువుల గడ్డి పోయింది. అక్కడివాళ్లు మిమ్మల్ని 'గాండో బావళ్' అంటారు, అంటే పిచ్చి తుమ్మ. మేం సర్కారు తుమ్మ అంటాం. రెండూ ఒకటేరా అనేవాడు మా తాత.

ఒక్కటి అడగాలి. మిమ్మల్ని నాటినాయన గురించి చెబితే 'పాపం, మంచికే చేశాడు' అంటారు. అసలు మిమ్మల్ని ఊరూరా పంచింది మేక. తియ్యటి కాయలు మేసి, పెంటికల్లో గింజలు రాల్చుకుంటూ పోయింది, ఆకలి తప్ప దానికి వేరే ఉద్దేశమేం లేదు. ఇద్దరి పనీ ఒక్కటే. దొరగారికి కితాబు, మేకకి కత్తి.

పూర్తిగా తిట్టడానికీ నోరు రావట్లేదు, అదీ నా బాధ. పంట పోయిన ఏడాది మా ఊళ్లో ఎంతమంది మీ కట్టె కొట్టి, బొగ్గులు కాల్చి అమ్ముకుని పిల్లల్ని సాకారో నాకు తెలుసు. మా అవ్వ పొయ్యి కూడా మీతోనే వెలిగింది. దొరగారు కోరిందీ అదే కదా, వంటచెరకు. కోరింది దక్కింది, కోరనిది చెరువు నిండా దక్కింది.

ఆ చెరువులోనే మొన్న జేసీబీ పెట్టి మిమ్మల్ని తీయించారు. బిల్లు పాసైంది, మొదళ్లు మిగిలాయి, వాన పడగానే ఒక్కో మొదలుకి ఐదారు చిగుళ్లు. గట్టు మీద మాత్రం ఏదో కొత్త మొక్క నాటారు. తొందరగా ఎదుగుతుందట, పశువులు ముట్టవట, నీళ్లు పోయక్కర్లేదట.

కాస్త పరిచయం చేసుకోండి.

ఇట్లు,
కుంటుతూ, మీ ఊరివాడు