అటక మీది కంప్యూటర్ పుస్తకాలు: అమ్మేద్దామా, ఉంచుదామా

(విజయవాడలో ఒక ఇల్లు. సున్నాలు వేయిస్తున్నారు కాబట్టి అటక మీద నుంచి మూడు అట్టపెట్టెలు కిందకి దిగాయి. నిండా కంప్యూటర్ మ్యాగజైన్లే. బాబాయ్ ఒకప్పుడు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పిన మనిషి, అన్న కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.)

అబ్బాయి: బాబాయ్, వీధి చివర పాత పేపర్ల అతను ఉన్నాడు, పిలవనా? 2003 నాటి మదర్‌బోర్డు రివ్యూ ఇప్పుడు ఎవరికి కావాలి చెప్పు.

బాబాయ్: పిలవకు. ఆ రివ్యూ ఎవరికీ అక్కర్లేదు, ఒప్పుకుంటా. కానీ వీటిని కిలోల లెక్కన తూచేస్తే నా మనసు ఒప్పదురా.

అబ్బాయి: నాకు అర్థం కాక అడుగుతున్నా. పుస్తకం ప్రింటై ఊరికి వచ్చేసరికే వెనక పేజీలో రేట్లు మారిపోయేవి, సీడీలో ఇచ్చిన యాంటీవైరస్ పాతదైపోయేది. ఇప్పుడు మన ఊళ్ళో పిల్లాడు ల్యాప్‌టాప్‌లో ర్యామ్ ఎలా మార్చాలో తెలుగు వీడియో చూసి పది నిమిషాల్లో మార్చేసుకుంటున్నాడు, పైసా ఖర్చు లేదు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు ప్రశ్నలడిగి జవాబులు చెప్పుకునే సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో 2008లో వచ్చింది, అప్పట్నించీ ప్రోగ్రాం ఎక్కడ ఆగిపోయినా రాత్రి రెండింటికైనా జవాబు దొరుకుతోంది. నెలాఖరు దాకా ఆగి పుస్తకం కొనుక్కోవడం ఎందుకు?

బాబాయ్: నువ్వు చెప్పేది జవాబుల సంగతి. నేను చెప్పేది ప్రశ్నల సంగతి. లినక్స్ అనే మాట, అదే, విండోస్ బదులు వాడుకోగల ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్, నేను మొదట విన్నది ఎక్కడో తెలుసా? పీసీక్వెస్ట్ వాళ్ళు పుస్తకంతో పాటు సీడీ ఇచ్చేవాళ్ళు, అందులో. అప్పట్లో నెట్ అంటే ఫోన్ లైను మీద నత్తలా నడిచే 56కే మోడెం, ఏడొందల ఎంబీల సీడీ దించుకోవాలంటే లైను ఒక్కసారి కూడా కట్ అవకుండా ఉంటే ఇరవై ఎనిమిది గంటలు, ఫోన్ బిల్లు సంగతి సరేసరి. అయినా దించుకోవడం తర్వాత మాట, అసలు అలాంటిది ఒకటుందని తెలిస్తే కదా వెతికేది! వర్డ్ గురించి చదువుదామని కొన్న పుస్తకంలో అది కనపడింది, నా దారే మారిపోయింది.

అబ్బాయి: అది అప్పటి అవసరం బాబాయ్. సరుకు మోసుకొచ్చే బండి అది, ఇప్పుడు ఆ సరుకు వైరులో వస్తోంది.

బాబాయ్: సరుకు వైరులో వస్తోంది కాబట్టే బండి ఆగిందనుకుంటున్నావా? అమెరికాలో ఏమైందో విను. బైట్ అని 1975 నుంచీ వచ్చిన పత్రిక, దాన్ని చదివి ఇంజనీర్లు అయినవాళ్ళు ఉన్నారు. 1998 జూలై సంచికతో ఆపేశారు, చదివేవాళ్ళు లేకనా? కంప్యూటర్ షాపర్ అయితే ఎనిమిదొందల పేజీలు దాటి వచ్చేది, సగానికి పైగా కంప్యూటర్లు అమ్మేవాళ్ళ యాడ్సే. ఆ అమ్మేవాళ్ళు సొంత వెబ్‌సైట్లు పెట్టుకున్నాక యాడ్స్ పోయాయి, యాడ్స్ పోతే పేజీలు పోయాయి. 2009లో అది కాగితం మీద ఆగింది, పీసీ మ్యాగజైన్ కూడా ఆ జనవరి సంచికతోనే సరి. 2013లో పీసీ వరల్డ్, మరుసటేడు మ్యాక్‌వరల్డ్, 2023లో మ్యాగ్జిమం పీసీ. మనం కొనే రేటుతో ఏ పత్రికా బతకలేదురా, యాడ్స్‌తో బతికింది.

అబ్బాయి: సరే, మరి ఆ యాడ్స్ ఇచ్చేవాడి ప్రింటర్‌ని పత్రిక చెత్త అని రాసేదా?

బాబాయ్: కొన్ని రాసేవి, కొన్ని మెత్తగా రాసేవి. కాదనను. కానీ యాడ్ ఏదో, రాసింది ఏదో పేజీ చూస్తే తెలిసేది. ఇప్పుడు రివ్యూ కిందే కొనే బటన్ ఉంటుంది, నువ్వు నొక్కితే రాసినవాడికి కమీషన్. వాడు వద్దు అని రాస్తాడా?

అబ్బాయి: అందరూ అలా ఉండరు. ఆనంద్‌టెక్ గురించి చెప్తా విను. 1997లో పద్నాలుగేళ్ళ కుర్రాడు, ఆనంద్ లాల్ షింపీ, సొంతంగా మొదలుపెట్టిన సైటు. ప్రాసెసర్ గురించి అంత లోతుగా రాసిన పత్రిక నేను చూడలేదు. పద్నాలుగేళ్ళ వాడికి మీ పత్రికల్లో ఎవరు పేజీ ఇచ్చేవాళ్ళు? చెప్పు.

బాబాయ్: ఇచ్చేవాళ్ళు కాదు. ఇది నిజంగా మంచి మాట. మరి ఇప్పుడేమైంది ఆ సైటు?

అబ్బాయి: ... 2024 ఆగస్టు 30న మూసేశారు.

బాబాయ్: చూశావా. పోయింది కాగితం కాదురా. నిదానంగా కూర్చుని వస్తువుని విప్పి, కొలిచి, పరీక్షించి రాసేవాడికి నెల జీతం ఎవరిస్తారు అన్నదే పోయింది. కాగితం మీద ముందు పోయింది, తెర మీద తర్వాత పోతోంది.

అబ్బాయి: అది ఒప్పుకుంటా. కానీ ఇంకోటి ఉంది, నువ్వు ఎంత చెప్పినా ఆ పుస్తకాలు ఇంగ్లీషువి, డీవీడీతో కలిపి వంద పైన. మా నాన్న జీతంలో నెలకో పుస్తకం కుదిరేదా? కుదరలేదు. నేను నేర్చుకున్నది నెట్ సెంటర్లో.

బాబాయ్: నేను కొన్నది పదిమంది చదివేవాళ్ళురా, ఇన్‌స్టిట్యూట్‌లో చేతులు మారి మారి అట్టలు ఊడిపోయి తిరిగొచ్చేవి. ఇంగ్లీషు రానివాళ్ళ కోసం తెలుగులో కంప్యూటర్ ఎరా ఉండేది. డీటీపీ షాపుల్లో పనిచేసే కుర్రాళ్ళు, పదో తరగతితో ఆగినవాళ్ళు, కీబోర్డు పక్కన పుస్తకం తెరిచిపెట్టుకుని ఒక్కో స్టెప్పూ చేసుకుంటూ పోయేవాళ్ళు. వాళ్ళలో ఒకతను ఇవాళ సొంత ప్రెస్ నడుపుతున్నాడు. నా భాషలో నాకు అర్థమయ్యేలా ఒకరు రాశారు అన్న ధైర్యం అది, నాకు అదే పెద్ద విషయం.

అబ్బాయి: (ఫోన్ తీసి) ఇది చూడు, నీ బైట్. 1981 ఆగస్టు సంచిక, బెలూన్ బొమ్మ ఉన్న ఆ అట్టతో సహా, పాత పుస్తకాలు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులో మొత్తం స్కాన్ చేసి పెట్టారు. ఫ్రీగా. మరి అటక ఎందుకు?

బాబాయ్: (చాలాసేపు చూసి) అట్ట మీద మడత కూడా కనపడుతోంది. ఎవరో తమ ఇంట్లో నలభై ఏళ్ళు దాచుకున్నది ఇది. వాళ్ళు ఆ రోజు పేపర్ల అతన్ని పిలిచి ఉంటే నీ ఫోన్లో ఇది ఉండేదా? బైట్ పేరుతో తర్వాత పెట్టిన వెబ్‌సైటు కూడా మూతపడింది, నిలిచింది కాగితమే. సరే, ఇంగ్లీషువి ఎవరో ఒకరు స్కాన్ చేస్తారు. ఈ తెలుగువి వెతుకు, నెల నెలా అన్నీ ఉన్నాయేమో చూసి చెప్పు.

అబ్బాయి: (వెతికి) ... ఒకటీ అరా కనపడుతున్నాయి. వరసగా లేవు.

బాబాయ్: మూడో పెట్టెలో నా దగ్గర రెండేళ్ళవి వరసగా ఉన్నాయి.

అబ్బాయి: ఆఫీసులో స్కానర్ ఉంది, కానీ బైండింగ్ విప్పాలి బాబాయ్. ఒప్పుకుంటావా?

బాబాయ్: పిన్నులు నేను తీస్తా, నువ్వు తీస్తే చింపేస్తావు.

అబ్బాయి: అయితే ఇంగ్లీషు పెట్టెలు రెండూ ఇచ్చేద్దాం. ఈ విషయంలో మాత్రం నేను తగ్గను, గది ఇరుకు.

బాబాయ్: ఇచ్చెయ్యి. ఆగు, ముందు ఆ లినక్స్ సీడీ ఉన్న సంచిక తీసి ఇలా ఇవ్వు.