గుండె బొమ్మ ఉప్పు గారికి

మహారాజశ్రీ తక్కువ సోడియం ఉప్పు గారి సముఖానికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, 'ఇక్కడ మేమంతా క్షేమం' అని మొదలుపెట్టడం ఆనవాయితీ. నా రక్తంలో పొటాషియం హద్దు దాటి 5.9 అని తేలిన రోజున రాస్తున్నాను కనుక ఆ వాక్యం ఎగ్గొడుతున్నాను. మీరు మాత్రం అలమరలో, ఎర్రటి గుండె బొమ్మ తగిలించుకుని క్షేమంగానే ఉన్నారు. ఇందాకే చూసొచ్చాను.

మీరు మా ఇంట అడుగుపెట్టిన వైనం మీకు తెలియాలి. నా రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగి, ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం, 28కి దిగింది. కిడ్నీ జబ్బు నాలుగో దశ అన్నారు డాక్టరు గారు. ఉప్పు తగ్గించండి, రోజు మొత్తానికి 5 గ్రాములు దాటొద్దు, అంటే చెంచాడు, అని కూడా అన్నారు. మా ఇంట్లో 'తగ్గించడం' అంటే 'మార్చడం' అని అర్థం. ఆ సాయంత్రమే పాత ఉప్పును గెంటేసి మా ఆవిడ మిమ్మల్ని తెచ్చింది. ఉప్పు తిన్నట్టూ ఉంటుంది, మానేసిన పుణ్యమూ దక్కుతుంది. ఇంకేం కావాలి?

పొటాషియం మీద యుద్ధం కూడా ఆ రోజే మొదలైంది. అరటిపండు నిషేధం. టమాటా బహిష్కరణ. బంగాళాదుంపకైతే తొక్క తీసి, సన్నగా తరిగి, గిన్నెడు నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లు పోసి ఉడికించేవాళ్లం. పొటాషియం చాలావరకు నీళ్లలోకి దిగిపోయేది, రుచి పూర్తిగా దిగిపోయేది. గంటసేపు అంత తంటాలు పడి చేసిన ఆ ముద్ద మీద మిమ్మల్ని చల్లుకుని తినేవాణ్ని.

ఇవాళ భూతద్దం పెట్టి మీ డబ్బా వెనక్కి తిప్పి చదివాను. పొటాషియం క్లోరైడ్ 25 శాతం. కాగితం తీసుకుని లెక్క కట్టాను. మీ 5 గ్రాముల్లో అది ఒకటింబావు గ్రాము. అందులో సగానికి పైగా పొటాషియమే, దాదాపు 650 మిల్లీగ్రాములు. ఓ మాదిరి అరటిపండులో 420 దాకా ఉంటుంది. అంటే నా చేతిలో అరటిపండు లాక్కున్న మనిషే, రోజూ ఒకటిన్నర పండు పొటాషియాన్ని చెంచాతో కూరలో కలిపి పెట్టింది. ఈ లెక్క ఆవిడకింకా చూపించలేదు. పైనుంచి చల్లుకున్నది ఎవరని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

"కొత్తగా ఏమైనా తింటున్నారా?" అన్నారు డాక్టరు.

"అబ్బే, లేదండీ. ఉప్పు కూడా మంచిది వాడుతున్నాం."

ఆయన పెన్ను కింద పెట్టేశారు. ముందు ఈసీజీ తీయించారు. ఒంట్లోంచి పొటాషియాన్ని బయటికి పంపే పనిలో 90 శాతం కిడ్నీలదేనట. అవి చేతులెత్తేస్తే అది రక్తంలోనే పేరుకుని, చెప్పాపెట్టకుండా గుండె లయను తప్పిస్తుందట. నేను వేసుకునే బీపీ మాత్ర కూడా పొటాషియాన్ని పట్టి ఉంచే రకమే. మీరిద్దరూ నా కంచంలో వియ్యమందుకున్నారన్నమాట. డబ్బా మీది గుండె ఎవరిదో అప్పుడర్థమైంది.

మీరు చెడ్డవారని అనను. చైనాలో 600 గ్రామాలు తీసుకుని, సగం ఊళ్లలో మిమ్మల్ని వాడి చూస్తే పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో అచ్చయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2025 జనవరిలో మిమ్మల్ని సిఫార్సు చేసింది. కాకపోతే కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు ఇది వర్తించదని అందులోనే రాసింది. చైనా వాళ్లూ తీవ్రమైన కిడ్నీ జబ్బున్నవాళ్లను చేర్చుకోలేదు. వాళ్లందరికీ నేనున్నానని తెలుసు. మీ డబ్బా మీద కూడా 'వైద్యుని సలహాతో వాడండి' అని ఉందిలెండి, అడుగున, చీమకు చెబుతున్నట్టు.

మీ బంధువులు ప్యాకెట్ మాంసం, ప్యాకెట్ సూపు, నల్లటి కోలా సంగతి ఇంకో ఉత్తరంలో. పదార్థాల పట్టీలో 'ఫాస్ఫేట్' అనే పేరు దూరిందంటే ఆ భాస్వరం (దెబ్బతిన్న కిడ్నీలు బయటికి పంపలేని ఇంకో సరుకు) దాదాపు అంతా ఒంటికి పడుతుంది. పప్పుధాన్యాల్లోదైతే అందులో సగమైనా పట్టదు. అయినా మా ఇంట్లో అనుమానమంతా పప్పు మీదే.

అన్నట్టు, ఆసుపత్రిలో నా పక్క కుర్చీ ఆయనదీ నాలుగో దశే. పొటాషియం 4.2. ఆయన్ని అరటిపండు తినొచ్చన్నారు! ఎవరి రక్తపరీక్షను బట్టి వాళ్ల కంచమట. ఆయన నా ఎదుటే తొక్క ఒలిచాడు. నాకు పట్టిన కడుపుమంటకు ఏ పరీక్షా లేదు.

ఇక మీ మకాం మారుతోంది. మా అబ్బాయికి బీపీ ఉంది, కిడ్నీలు బాగున్నాయి, మందులు చూసి వాళ్ల డాక్టరు సరే అన్నారు. రేపు వాళ్లింటికి వెళ్తున్నారు. ఆ గుండె బొమ్మ మీద నల్ల స్కెచ్‌పెన్నుతో 'నాన్న భోజనానికొస్తే దాచెయ్యండి' అని రాశాను. ఏమీ అనుకోకండి.

ఇట్లు,
మీ ఉప్పు తిన్న
క్రియాటినిన్ 2.6