ఈ లైబ్రరీని నిషేధించండి

ఎంపీఎక్స్‌జే అని ఒక లైబ్రరీ ఉంది. పుస్తకాలుండే లైబ్రరీ కాదు, ప్రోగ్రామర్లు తమ ప్రోగ్రాముల్లో వాడుకునే రెడీమేడ్ కోడ్. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్, ప్రైమవేరా లాంటి ప్లానింగ్ సాఫ్ట్‌వేర్లలో వేసుకున్న ప్లాన్ ఫైల్‌ని తెరిచి లోపల ఏముందో చెప్పేస్తుంది. జావాలో రాశారు, పైథాన్ వాళ్లూ వాడుకోవచ్చు. పైగా ఉచితం. దీన్ని తక్షణం నిషేధించాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను. సంబంధిత అధికారులెవరో తర్వాత కనుక్కోవచ్చు.

ప్రాజెక్ట్ ప్లాన్ అనేది చదవడానికి రాసేది కాదు. ప్రొజెక్టర్‌తో గోడ మీద వేసి, అందరం తలలూపి, మూసేయడానికి రాసేది. శుభలేఖలో ముహూర్తం ఎన్నింటికని వేసినా భోజనాలెప్పుడో మనకి తెలియదూ, అలాగన్నమాట. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ దాచే ఎంపీపీ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పిచ్చి గీతలు తప్ప ఏమీ కనిపించవు. అంత భద్రంగా ఉన్నదాన్ని ఎవరో పనిగట్టుకుని బైటు బైటూ విప్పి, ప్రాజెక్ట్ 98 నాటి ఫైళ్ల నుంచి ఇప్పటివాటి దాకా చదివేలా చేశారు. ఎవరడిగారు?

మా ఆఫీసులో మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ లైసెన్సు మేనేజర్ సార్ ఒక్కరికే ఉంది. “ఆ ఫైల్లో తేదీలు లాగి డ్యాష్‌బోర్డ్‌లో పెట్టవయ్యా” అన్నారు. పది లైన్ల పైథాన్. లాగాను. అన్నీ వచ్చాయి.

ఒప్పుకున్న ప్లాన్‌ని గుర్తుగా దాచుకోవడాన్ని బేస్‌లైన్ అంటారు. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో 11 బేస్‌లైన్లు దాచుకోవచ్చు. మొదటిది ఒకటి, తర్వాత 10. మనిషి ఎన్నిసార్లు మాట తప్పుతాడో ముందే లెక్కేసి పెట్టినట్టున్నారు. మా సార్ ఎనిమిది వాడేశారు. పని వెనకబడిన ప్రతిసారీ కొత్త బేస్‌లైన్ పెట్టుకుంటే దాంతో పోల్చినప్పుడు ఆలస్యం సున్నా. రివ్యూ మీటింగులో ఎనిమిది తేదీలూ వరసగా గోడ మీద పడ్డాయి.

“ఇవన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయయ్యా?”

“ఫైల్లోవే సార్.”

“నాకు కనిపించవే?”

“మీరు కాలమ్స్ దాచారు సార్. స్క్రిప్టుకి దాచినవీ దాచనివీ ఒకటే.”

“అయితే ఆ లైబ్రరీలో బగ్ ఉంది. టికెట్ రెయిజ్ చెయ్.”

టికెట్‌కి, అంటే ఆ బగ్ ఫిర్యాదుకి, ఏం పేరు పెట్టాలో తోచలేదు. ‘ఉన్నది ఉన్నట్టు చదువుతోంది’ అని పెడదామనుకున్నాను.

ఇంకా వచ్చాయి. ఖాయం కాని అంచనా పక్కన ఆ సాఫ్ట్‌వేర్ ఒక ప్రశ్నార్థకం పెడుతుంది, ‘5 రోజులు?’ అని. మా ఫైల్లో 200 పనులుంటే ఒక్క ప్రశ్నార్థకం లేదు. అంత ధైర్యం పంచాంగకర్తలకి కూడా ఉండదు. టెస్టింగ్‌కి సున్నా రోజులు వేశారు. వ్యవధి సున్నా అయితే ఆ సాఫ్ట్‌వేర్ దాన్ని పనిగా లెక్కెయ్యదు, మైలురాయి అనుకుని డైమండ్ గుర్తు వేస్తుంది. మా టెస్టింగ్ ఇప్పుడు వజ్రంలా మెరుస్తోంది. ఇక కోడింగ్ 90 శాతం పూర్తి. ఆ అంకె గడిచిన వ్యవధిని మొత్తం వ్యవధితో భాగిస్తే వచ్చేది. అంటే పొయ్యి ముందు అంతసేపు కూర్చున్నామని అర్థం, కుండలో ఏముందో దానికి తెలియదు.

ఇక్కడిదాకా నాకూ నవ్వే వచ్చింది. తర్వాత ఆ ఫైల్లోని క్యాలెండర్ చదివాను.

అందులో సెలవులకీ, అదనపు పనిరోజులకీ పేరు పెట్టుకునే వీలుంది. జనవరి 14, 15 తేదీలు పనిదినాలు. ఆ నెల ఆదివారాలన్నీ పనిదినాలే. పేరు: ‘రికవరీ’. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. రైలు టికెట్ దొరికిందని టీమంతా తిరిగి చెప్పుకున్న కుర్రాడి సంక్రాంతిని ఒక గడిలో టిక్కు పెట్టి తీసేశారు. రోజుకి 8 గంటలు, నెలకి 20 రోజులు అని ఆ ఫైల్లో లెక్క. వాళ్లు రాత్రి పదకొండింటికి క్యాబ్ ఎక్కిన రోజులకి అందులో గడే లేదు. ఎనిమిదిసార్లు తేదీ మార్చుకోవడానికి మీకు చోటుంది గానీ, ఒక్కసారి “పండక్కి ఉండగలవా నాయనా” అని అడగడానికి నోరు లేదా? సిగ్గుండక్కర్లా?

క్షమించాలి. విషయం నిషేధం గురించి కదా.

అధికారులు స్పందించేలోపే మా సార్ చర్య తీసుకున్నారు. ఈ వారం ప్లాన్ వాట్సాప్‌లో వచ్చింది. ఫైల్ కాదు, ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫోటో. ఆ లైబ్రరీ చదివే ఫార్మాట్ల జాబితా బారెడుంటుంది, మొత్తం చూశాను, ఫోటోలు లేవు. చేసేది లేక కళ్లతోనే చదువుదామని జూమ్ చేశాను. ముగింపు తేదీల కాలమ్ మీద సార్ బొటనవేలు పడింది.