సవరణ: గర్భిణికి ప్లేట్‌లెట్లు తగ్గితే ప్రీఎక్లాంప్సియా ముదిరినట్టేనా?

ప్రీఎక్లాంప్సియా అంటే గర్భంలో బీపీ పెరిగి లివరు, కిడ్నీల వంటి వాటిని దెబ్బతీసే జబ్బు. మొన్నటి పోస్టులో "ప్లేట్‌లెట్లు లక్షన్నర లోపుకొస్తే ప్రీఎక్లాంప్సియా ముదిరినట్టే" అని ఉంది. దాన్ని ఇట్ల మార్చి చదవండి: 20 వారాలు దాటినంక బీపీ 140/90 లేదా అంతకంటే ఎక్కువుండి, ప్లేట్‌లెట్లు లక్ష లోపుకు పడితే అది తీవ్రతకు గుర్తు.

ఆ పోస్టు చూసి దేవరకొండ చెల్లె ఒకామె తన రిపోర్టు పంపింది: ప్లేట్‌లెట్లు 1.28 లక్షలు, బీపీ 110/70. నెలలు నిండేకొద్దీ ఈ మాత్రం తగ్గుడు మామూలే, డాక్టరు మళ్లోసారి పరీక్ష చేయిస్తారు. ట్యూబులో ప్లేట్‌లెట్లు ముద్దగట్టినా మిషన్ తక్కువ చూపిస్తది. అనుమానముంటే రక్తపు చుక్కను స్లైడు మీద మైక్రోస్కోపుతో చూడాలె. ఇది డెంగీ కాదు, బొప్పాయాకు రసం జోలికి పోకండి.

హిమోగ్లోబిన్ సంగతి ఇంకా తిరకాసు. కొద్ది రోజుల్లోనే పెరిగితే ఐరన్ గోలీల పుణ్యమనుకుంటాం. బీపీ, వాపు కూడా ఉంటే రక్తంలో నీరు బయటికి జారి చిక్కబడ్డదేమో చూడాలె.

తెల్లకణాలు గర్భంలో ఎట్లాగూ పెరుగుతయి. వాటిల్లో రెండు రకాలైన న్యూట్రోఫిల్, లింఫోసైట్‌ల నిష్పత్తి మీద పరిశోధనలున్నయి గానీ, దాన్నొక్కదాన్నే పట్టుకుని కాన్పు ఎప్పుడు చేయాలో నిర్ణయించరు.

బీపీ 160/110కి చేరినా, విపరీతమైన తలనొప్పి, కండ్లు మసకలు, కుడి డొక్కలో నొప్పి ఉన్నా ల్యాబు రిపోర్టు కోసం ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.