టాస్క్ పెట్టాం కదా!

పొలం కొనాలంటే చేతిలో డబ్బుండాలని, కాగితాలు సరిగ్గా ఉండాలని పూర్వం అనుకునేవారు. బెజవాడ, గుంటూరు రియల్ ఎస్టేట్ ఆఫీసులు ఈ ఛాదస్తం నుంచి బయటపడ్డాయి. ఇప్పుడు ఎవరేం పని చేయాలో రాసుకునే సాఫ్ట్‌వేర్‌లో డీల్ తెరిచి, దాని కింద 'ఫాలో అప్' అని టాస్క్ పెడితే సగం రిజిస్ట్రేషన్ అయినట్టే లెక్క.

టాస్క్ పేరు ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు. 'ఈసీ' (అంటే పొలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్). అంతే. తీయాలా, తీశారా, తీసినదాన్ని ఎవరైనా చదివారా అన్నది చూసేవాళ్ల విజ్ఞత. అలాకాకుండా 'ఫలానా సర్వే నంబరుకు 1983 నుంచి ఆన్‌లైన్లో ఈసీ తీసి జతచేయాలి, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలి' అని రాశారనుకోండి, కుర్రాడు నిజంగానే వెళ్లి తెస్తాడు. ఏ పాత తాకట్టో బయటపడుతుంది. అడ్వాన్సు ఇవ్వకముందే ఇంత అపశకునం దేనికి? రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఎ నిషేధిత జాబితాలో ఆ నంబరుందేమో చూడటం కూడా అందుకే అడ్వాన్సు తర్వాత పెట్టుకుంటాం.

అప్పగించేటప్పుడు ఒక్కడి పేరు రాయడం అమానుషం. వాడు దొరికిపోతాడు. 'టీమ్' అని రాస్తే ఐదుగురికీ నోటిఫికేషన్ వెళ్తుంది, మిగతా నలుగురూ చూస్తున్నారన్న ధైర్యంతో ఐదుగురూ సుఖంగా ఉంటారు.

గడువు మాటకొస్తే, అగ్రిమెంటులో రాసిన చివరి తేదీ నుంచి వెనక్కి లెక్కేసి, సర్వేకి ఇన్ని రోజులు, లీగల్ ఒపీనియన్‌కి ఇన్ని రోజులు అని పంచే పద్ధతి ఒకటుంది. లెక్కలు రానివాళ్లకు అది కష్టం. అన్నిటికీ 'ఈరోజే' అని పెడితే రేపటికి తెరంతా ఎరుపెక్కుతుంది. అప్పుడు అన్నీ ఎంచుకుని ఒక్క నొక్కుతో వారం ముందుకు జరుపుతాం. దీన్నే రివ్యూ మీటింగ్ అంటారు. జరిపిన తేదీ అమావాస్య అయినా, ఆషాఢం అయినా సాఫ్ట్‌వేర్‌కు పట్టింపు లేదు. కొనే పార్టీకి ఉంటుంది.

ముందు టాస్క్ ముగియనిదే తర్వాతది తెరుచుకోకుండా తాళం వేసే సదుపాయం ఉంది. 'పని ఆగిపోతోంది' అని మనవాళ్లు మొదటి వారంలోనే దాన్ని తీసేస్తారు. దాంతో సర్వేయర్ గొలుసు లాగకముందే మిగతా డబ్బు రైతు చేతిలో పడుతుంది. దస్తావేజులో 2 ఎకరాలు, నేల మీద ఎకరం 92 సెంట్లు. సెంటుకు 48.4 గజాల చొప్పున 387 గజాలు గాలిలో కలిసినా, రెండు టాస్కులూ పచ్చగానే ఉంటాయి. వరసలో లేవు, అంతే.

ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన వాటా ఇస్తూ 1986లో రాష్ట్రం, 2005లో కేంద్రం చట్టం సవరించాయి. మన టాస్కుల టెంప్లేటు ఇంకా అంతవరకు రాలేదు. 'అక్కచెల్లెళ్ల సంతకాలు' అని ఎవరైనా చేత్తో ఒక టాస్క్ చేర్చినా, 'మా చెల్లెలు ఏమీ అనదండీ' అని రైతు చెప్పిన మాటను కామెంటుగా ఎక్కించి మూసేస్తాం. కాగితం జతచేయనిదే మూతపడకుండా చేసే మీట సెట్టింగుల్లో ఉంది. కనిపెట్టిన ఆఫీసు ఉంటే చెప్పండి, సన్మానం చేద్దాం.

'ఫోన్ చేశాను, ఎత్తలేదు' కూడా మన దగ్గర 'పూర్తయింది'లోకే వస్తుంది. చేయడమే కదా పని, ఎత్తడం అవతలివాళ్ల పని. ఎత్తనప్పుడు ఇంకో తేదీతో, అదే మనిషి పేరున కొత్త టాస్క్ పుట్టాలంటారు కొందరు. వాళ్లకు కుటుంబ నియంత్రణ తెలియదు.

ఇక చివరిది. ఈసీ అది తీసిన రోజు వరకే చెబుతుంది. అగ్రిమెంటుకూ రిజిస్ట్రేషన్‌కూ మధ్య అదే పొలం ఇంకొకరికి వెళ్లొచ్చు గనుక ముందురోజు మళ్లీ తీయాలని తెలిసినవాడెవడో టాస్క్ పెట్టి ఉంటాడు. ఒకే డీల్‌లో రెండు ఈసీలు చూసిన కొత్త కుర్రాడు 'డూప్లికేట్' అని రెండోది చెరిపేస్తాడు. ఇంత శుభ్రత పాటించే ఉద్యోగికి ఈ నెల ఇంక్రిమెంటు ఇవ్వాలని మేనేజ్‌మెంటుకు మా సిఫార్సు.